ఆవలింతకు అన్న ఉన్నాడు

"ఇన్ని కబుర్లు చెప్తున్నావు గానీ, నీ బిడ్డ ఏదీ?"

ఈ ప్రశ్న వేసిన పిల్ల, దాని కోసం నోట్లో కరుగుతున్న మందును పాడుచేసుకుంది. అది జరిగిన గదిలో ఉదయం తొమ్మిదిన్నర నుంచి పది నిమిషాల పాటు ఎవరూ నోరు తెరవకూడదు.

ఆ గది ఆస్పత్రి వెనక వైపున, ఎక్స్‌రే గదికీ విరిగిన మంచాలు పేర్చిన వరండాకీ మధ్య ఉంది. గోడ వెంట తొమ్మిది ప్లాస్టిక్ కుర్చీలు. నొప్పి మాత్రలకో అంతకంటే చెడ్డవాటికో అలవాటు పడి, కడుపుతో ఉండగా బయటపడాలని వచ్చిన ఆడవాళ్లు అక్కడ వరసగా కూర్చుంటారు. నర్సమ్మ రేకు చించి తలా ఒక తెల్ల మాత్ర ఇస్తుంది. దాన్ని మింగకూడదు, నమలకూడదు. నాలుక కింద పెట్టుకుని కరిగేదాకా కదలకుండా ఉండాలి. మాట్లాడితే మందు ఉమ్మితో పాటు గొంతులోకి జారి దండగవుతుంది. పది నిమిషాలయ్యాక నర్సమ్మ చిన్న టార్చి వేసి ఒక్కొక్కరి నాలుకా ఎత్తించి చూస్తుంది. పక్క గది ఎక్స్‌రే ఆయన రోజూ తలుపు దగ్గర తొంగిచూసి ఒకటే జోకు వేసేవాడు: "తొమ్మిదిమంది ఆడాళ్లు నోరు మూసుకుని కూర్చునే చోటు భూమ్మీద ఇదొక్కటేనమ్మా." వాళ్లు నోరు తెరవలేక కళ్లతోనే అతని ఏడు తరాలనూ తిట్టేవాళ్లు.

ఆ పది నిమిషాలూ మాట్లాడే హక్కు ఒక్క మనిషికే ఉండేది. ఆమెను అందరూ తోడక్క అనేవాళ్లు. మెళ్లో వేలాడే కార్డు మీద పెద్ద హోదాయే రాసి ఉంది గానీ దాన్ని పూర్తిగా చదివేలోపు ఎవరికైనా పురుడొచ్చేస్తుంది. ఆ ఉద్యోగానికి కావలసిన అర్హత ఒక్కటే, ఒకసారి చెడిపోయి బాగుపడి ఉండాలి. చెడిపోయినందుకు సాక్ష్యం ఎవరూ అడగలేదు. బాగుపడినందుకు మాత్రం మూడు నెలలకోసారి మూత్రం పరీక్ష చేయించేవాళ్లు. ఆమె పని మందు ఇవ్వడం కాదు, మందు తీసుకునేవాళ్ల పక్కన కూర్చోవడం. భయమేస్తే ఫోను ఎత్తడం, రాని మనిషి ఇంటికి వెళ్లడం, ఆస్పత్రి చీటీలు చదివి పెట్టడం.

"పాలకి తోడు చుక్క చాలు," అనేది నర్సమ్మ ఆమెతో. "ఎక్కువైతే పులుస్తుంది. కాస్త తగ్గించు నీ ఉపన్యాసం."

తోడక్క తగ్గించేది కాదు. ఎదురు మాట్లాడలేని శ్రోతలు రోజూ దొరికితే ఎవరు మాత్రం తగ్గిస్తారు?

ఆమె వయసు ముప్పయ్యారు. ఇరవై ఏళ్లప్పుడు దుస్తుల ఫ్యాక్టరీలో కాజాల మిషను మీద చేరింది. రోజుకు రెండు వేల కాజాలు, నడుం నిటారుగా నిలబెట్టి. నెలరోజులకే నడుం పట్టేసింది. లైను మేస్త్రీ పసుప్పచ్చ మాత్ర ఒకటిచ్చి, "అరగంటలో పక్షిలా ఎగురుతావు" అన్నాడు. ఎగిరింది. రెండేళ్లలో రోజుకు పద్నాలుగు మాత్రల దాకా ఎగిరింది. కడుపుతో ఉన్నప్పుడు ఆరో నెలలో బిడ్డ పోయింది. మొగుడు ఆ ఏడాదే వేరే దారి చూసుకున్నాడు. తల్లి మాత్రం వదల్లేదు. ఇప్పటికీ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు.

ఇదంతా కుర్చీలవాళ్లకు తెలియదు, ఆ పిల్ల అడిగేదాకా. అడిగిన పిల్ల పేరు రిజిస్టరులో ఉంది గానీ గదిలో ఎవరూ ఆ పేరు వాడరు. మొదటి రెండు నెలలు ఆమె ఒక రోజు వచ్చి రెండు రోజులు మానేస్తూ, చేరినట్టూ కాకుండా పోయినట్టూ కాకుండా ఉండేది. గోడ మీద పిల్లి అన్నారు. తర్వాత గోడ పోయి పిల్లి మిగిలింది. పెద్ద హోటలు కింద, నేలమాళిగలో, దుప్పట్లు ఇస్త్రీ చేసే పని. ఇరవై మూడేళ్లు. ఎప్పుడూ చివరి కుర్చీలో, గోడకు భుజం ఆనించి కూర్చునేది.

పిల్లి ఆ ప్రశ్న వేసినప్పుడు తక్కిన ఎనిమిది జతల కళ్లూ తోడక్క మీద వాలాయి. నర్సమ్మ టార్చితో పిల్లి నెత్తి మీద మొట్టబోయింది. తోడక్క తడుముకోకుండా చెప్పింది.

"నేను మాత్రలు మింగాను. మాత్రలు నా బిడ్డను మింగాయి."

పిల్లి తలదించుకుంది. ఆ రోజు తర్వాత ఆమె ఒక్క పూటా మానలేదు.

ఈ మందు పథకం చూసే సూపర్‌వైజరు ఈ సంగతి విని మురిసిపోయాడు. నెల తిరక్కుండా ఆ రెండు వాక్యాలూ కుర్చీల ఎదుటి గోడ మీద నీలిరంగు అక్షరాల్లో వెలిశాయి, కింద పువ్వు బొమ్మతో సహా. బాగా కుదిరిన వాక్యంతో వచ్చే చిక్కే అది. ఒకసారి గోడకెక్కిందంటే ఇక దిగదు, దాన్ని అన్న మనిషి కూడా దాని కిందే నిలబడాలి. ఆ వాక్యంలో నాలుగు రోజులు కొట్టేసి ఉన్నాయని తోడక్క ఒక్కదానికే తెలుసు. రోజూ దానికి వీపు పెట్టి కూర్చునేది.

ఆ గదిలో గోడకెక్కాల్సిన మాట నిజానికి వేరే ఉంది. అది కొత్తగా వచ్చిన ప్రతి మనిషికీ నర్సమ్మ విసుగ్గా చెప్పే మాట: "ఈ మందు కూడా ఒక రకంగా ఆ జాతిదే. కానీ పట్టి నిలబెడుతుంది, కిందికి లాగదు. డాక్టరమ్మ తగ్గించమంటే తగ్గుతుంది. నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపావో, నీకంటే ముందు లోపలిది తల్లడిల్లుతుంది." ఇందులో ప్రాస లేదు, పువ్వు బొమ్మకు చోటు లేదు. ఎవరూ గోడ మీద రాయలేదు.

మూడు నెలలు తప్పకుండా వచ్చినవాళ్లకు వారానికి సరిపడా మందు డబ్బా ఇంటికిస్తారు. ఏడో నెలలో పిల్లికి డబ్బా చేతికొచ్చింది. సోమవారం వచ్చి ఖాళీ రేకులు చూపించి కొత్త డబ్బా తీసుకెళ్లాలి. మధ్యలో ఆదివారం మధ్యాహ్నం తోడక్క ఫోను చేస్తుంది.

మూడో డబ్బా వారంలో, ఆదివారం, రెండో రింగుకే పిల్లి ఎత్తింది.

"ఎలా ఉన్నావే పిల్లీ?"

"బాగున్నానక్కా." మాట వెనకే పెద్ద ఆవలింత.

"నిద్రపోతున్నదాన్ని లేపానా?"

"నిద్రెక్కడిది అక్కా. పట్టట్లేదు." మళ్లీ ఆవలింత. అది వినగానే ఇవతల తోడక్క నోరు దానంతటదే తెరుచుకుంది. ఇద్దరూ నవ్వారు.

"చూశావా, ఆవలింతకు అన్న ఉన్నాడని ఊరికే అనలేదు," అంది తోడక్క.

అంతలో అవతల తుమ్ములు. ఒకదాని మీద ఒకటి, నాలుగు.

"తుమ్ముకు తమ్ముడు లేడంటారు. నీ తుమ్ములకి బలగం బాగానే ఉందే."

"జలుబక్కా. పనిలో ఆ ఆవిరి, బయట గాలి. అక్కా, నీకొకటి చెప్పాలి." గొంతు తగ్గించింది. "అంతా మానేశానక్కా."

"శభాష్. నాకు తెలుసే నువ్వు గట్టిదానివని."

"నిజంగానే అక్కా. అంతా."

"రేపు వచ్చి అందరి ముందూ చెప్పు. ఆ కొత్తగా వచ్చినవాళ్లకి ధైర్యం వస్తుంది."

ఫోను పెట్టేసి తోడక్క నోట్‌బుక్కులో ఆ పేరు ఎదురుగా 'బాగుంది' అని రాసుకుంది.

మర్నాడు తొమ్మిదిన్నరకు ఎనిమిది నోళ్లు మూసుకున్నాయి. చివరి కుర్చీ ఖాళీగా ఉంది. ఇస్త్రీ పనికి పొద్దున్నే పిలిచి ఉంటారనుకుంది తోడక్క. పట్టుదల గురించి మాట్లాడుతోంది, పిల్లి పేరు కూడా ఎత్తబోతోంది. రెండో కుర్చీలో మూడు రోజుల క్రితం చేరిన, వయసులో అందరికంటే పెద్దావిడ, చేత్తో నోరు కప్పుకుని ఆవలించింది. మళ్లీ ఆవలించింది. ముక్కు తుడుచుకుని తుమ్మింది.

"ఈమెకి మోతాదు చాలట్లేదు," అంది నర్సమ్మ చీటీ మీద రాసుకుంటూ. "ఆవలింతలు, తుమ్ములు, ముక్కు కారడం. మందు అందకపోతే ఒళ్లు ముందు చెప్పేది ఇవే. డాక్టరమ్మకి చెప్పి పెంచుదాం."

తోడక్క మాట మధ్యలో ఆగిపోయింది.

పద్నాలుగేళ్ల క్రితం ఆ ఆవలింతలు తను ఆవలించింది. దవడ పట్టేసేదాకా ఆవలించింది. నిన్న వాటినే విని సామెత చెప్పి నవ్వింది.

"నర్సమ్మా, పిల్లి డబ్బాకి వచ్చిందా?"

"ఎనిమిదింటికే రావాలి. రాలేదు. ఏం?"

"అంతా మానేశానంది." తోడక్క చెయ్యి గోడ వైపు తిరిగింది. "అంతా అంది నర్సమ్మా. రెండు సార్లు అంది."

నర్సమ్మ చీటీ కింద పెట్టింది. ఆమెకు రెండోసారి చెప్పాల్సిన అవసరం లేకపోయింది. "ఎన్నో రోజు?"

"తెలీదు."

"నువ్వు ఏ మాత్రా ఇవ్వకు. తీసుకురా, అంతే. నేను పైన పురుళ్ల వార్డుకి చెప్తాను."

పిల్లి ఇల్లు టైర్ల దుకాణం మీద మూడో అంతస్తు. మెట్ల మీద రబ్బరు వాసన. పైకి ఎక్కుతుంటే కిందనుంచి గాలి కొట్టే మిషను ఆగి ఆగి బుస్సుమంటోంది. తలుపు తీసింది పిల్లి మొగుడు, సరుకుల వ్యాన్ డ్రైవరు. ముఖం వెలిగిపోతోంది.

"రండక్కా. మీ చెల్లెలు గెలిచింది. ఇవాళ్టికి నాలుగో రోజు."

తోడక్క అతని భుజం మీదుగా లోపలికి చూసింది. లోపలి గది తలుపు మూసి ఉంది. బయట గడియ పెట్టి ఉంది.

"ఆ గడియ ఎవరు పెట్టారు?"

"తనే పెట్టమందక్కా. ఏడ్చినా అరిచినా తియ్యొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. రెండు రోజులు బాధపడింది. చెమటలు, వాంతులు. విషం బయటికి పోతుంటే ఆ మాత్రం ఉండదూ? ఇప్పుడు చప్పుడు లేదు. తేరుకున్నట్టుంది."

"గడియ తియ్యి తమ్ముడూ."

"ఒట్టు వేశానక్కా."

తోడక్క అతన్ని తోసుకుని వెళ్లగలిగేది. కానీ మెట్లు మూడంతస్తులు, కిందికి మోయాల్సింది అతనే. అందుకని నిలబడి మాట్లాడింది. "వ్యాన్‌లో గాజు సామాను ఎక్కించుకుని ఎనభై మీద పోతున్నావు. ఆపాలి. బ్రేకు ఎలా వేస్తావు?"

"మెల్లగా వేస్తాను."

"ఎందుకు?"

"ఒక్కసారి తొక్కితే బండి ఆగుతుంది. వెనకున్నది..." అతని చెయ్యి గాల్లో ఆగింది. వెళ్లి గడియ లాగాడు.

పిల్లి నేల మీద, గోడకు భుజం ఆనించి కూర్చుని ఉంది, గదిలో కుర్చీ మీద కూర్చునేట్టే. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఎదురుగా బిస్కెట్ల డబ్బా మూతలో మూడు తెల్ల మాత్రలు వరసగా పెట్టి ఉన్నాయి. వేసుకోని మాత్రలు రోజుకొకటి అందులో చేరుస్తూ వచ్చింది.

"ఇవాళ్టిది ఇంకా పెట్టలేదక్కా," అంది నవ్వబోతూ. ఆవలించింది. "పెడితే నాలుగు."

"బిడ్డ కదులుతున్నాడా?"

"నిన్న తెగ తన్నాడక్కా. గుద్దినట్టు తన్నాడు. పొద్దున్నుంచి పడుకున్నట్టున్నాడు."

తోడక్క కూర్చుంది.

"లే. ఆస్పత్రికి పోదాం. టాక్సీ కింద ఉంది."

"అక్కడికొస్తే మళ్లీ అదే పెడతారు నా నోట్లో."

"పెడతారు. పెట్టాలి."

"మాత్ర మాత్రేగా అక్కా. తెల్లదైతేనేం, పచ్చదైతేనేం." పిల్లి పళ్లు టకటకమంటున్నాయి. "మాత్రలు నా బిడ్డను మింగాయని నువ్వే అన్నావు. రోజూ ఆ గోడ చూస్తూ నోట్లో పెట్టుకుంటున్నా. ఎన్ని రోజులు పెట్టుకోమంటావు? నా వల్ల కాలేదు."

ఆ గదిలో పది నిమిషాల నియమం లేకపోతే, ఈ మాట రెండు నెలల క్రితమే ఎవరో ఒకరు అడిగి ఉండేవాళ్లు.

"నా బిడ్డను మాత్రలు మింగలేదే," అంది తోడక్క.

పిల్లి చూసింది.

"ఆరో నెల దాకా మింగుతూనే ఉన్నాను. బిడ్డ తన్నుతూనే ఉంది. అప్పుడు ఇంట్లో తెలిసింది. నన్ను గదిలో పెట్టి తాళం వేశారు. మంచికే వేశారు. నాలుగు రోజులు. ఆవలింతలు, తుమ్ములు, నీకు లాగానే. మూడో రోజు లోపల గిలగిలా కొట్టుకుంది. నాలుగో రోజు పొద్దున పడుకుందనుకున్నాను. మా వాళ్లతో అన్నాను కూడా, పడుకుందని. తర్వాత డాక్టరు ఇదీ కారణమని గట్టిగా చెప్పలేమన్నాడు. ఆయన చెప్పలేకపోయాడు. నేను లోపల ఉన్నదాన్ని."

"మరి గోడ మీద..."

"అబద్ధం. నీ నోరు మూయించడానికి చెప్పాను. బాగా కుదిరింది."

పిల్లి మూతలోని మాత్రల వంక చూసింది. తర్వాత మొగుడి వైపు చెయ్యి చాచింది. అతను రెండు చేతులా ఎత్తుకుని మెట్లు దిగాడు. ప్రతి మెట్టూ లెక్కపెడుతున్నవాడిలా, గాజు సామాను మోస్తున్నట్టే దిగాడు.

టాక్సీలో పిల్లి ఆవలించింది. అద్దంలో చూస్తున్న టాక్సీవాడు కూడా ఆవలించాడు. ఎవరూ నవ్వలేదు.

పురుళ్ల వార్డులో పొట్టకు పట్టీ కట్టి మిషను పెట్టారు. డాక్టరమ్మ మిషను గుండీని పొట్ట మీద ఇటు జరిపింది, అటు జరిపింది. గరగర తప్ప ఏమీ వినపడలేదు. మళ్లీ జరిపింది. తోడక్క గోడకున్న గడియారం చూడకుండా నేల మీద పలకలు చూసింది. అప్పుడు, ఎక్కడో అడుగున, చిన్న చప్పుడు దొరికింది. వేగంగా, సన్నగా, పరిగెత్తి అలిసిపోయిన దానిలా. డ్రైవరు ఏడ్చేశాడు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "ఉంది," అంది. "ఉంచుదాం. మందు మళ్లీ మొదలుపెడుతున్నాను. ఇక్కణ్ణుంచి ఎక్కడికీ కదలకూడదు."

ఆ సాయంత్రం తోడక్క ఇంటికెళ్లేసరికి తల్లి గుమ్మంలో కూర్చుని గుండీలు కుడుతోంది. కూతురి ముఖం చూసి ఏమైందని అడిగింది. తోడక్క ముక్తసరిగా చెప్పింది: ఒక పిల్ల, ఏడో నెల, ఆస్పత్రిలో చేర్చాం.

తల్లి దారం కొరికి తెంపింది. "గదిలో పెట్టి తాళం వెయ్యకపోయారా? నాలుగు రోజులు గట్టిగా పట్టుకుంటే దారికొచ్చేది. నువ్వు రాలేదూ? నా పని కాస్త ఆలస్యమైంది గానీ. ఆ పాడు మాత్రలు ముందే మింగేశాయి."

ఆ వాక్యం మొదట అన్నది ఎవరో తోడక్కకు గుర్తుంది. ఆస్పత్రి మంచం పక్కన తల్లే అంది, తల బాదుకుంటూ. పద్నాలుగేళ్లుగా ఆ ముసలామె దాన్ని ఆనుకునే నిద్రపోతోంది. తోడక్క చెప్పులు విప్పి, నీళ్లు తాగి, కుట్టాల్సిన గుండీలు ఏరిపెట్టడానికి పక్కన కూర్చుంది.

పిల్లికి నాలుగు వారాల తర్వాత, నెలలు నిండకుండానే కాన్పయింది. ఆడపిల్ల. పొట్టలో ఉన్నంతకాలం తల్లి మందు బిడ్డకూ అందుతుంది, పుట్టగానే ఆగిపోతుంది. అందుకని ఇలాంటి పిల్లల్ని కొన్నాళ్లు ఉంచి కనిపెడతారు. పసిపిల్లల వార్డులో మంచానికి ఒక కాగితం కట్టారు. వణుకు, ఏడుపు, ఆవలింత, తుమ్ము. ఒక్కోదానికి ఒక్కో గడి. ఆవలించినప్పుడల్లా నర్సు ఒక గీత గీస్తుంది. రెండో రోజు గీతలు గడి దాటి పక్కకొచ్చాయి.

తోడక్క వెళ్లినప్పుడు ఆ పసిది బొటనవేలంత నోరు బార్లా తెరిచి ఆవలించింది. పిల్లికి ఆవలింత వచ్చింది. బలవంతాన దవడ బిగించి ఆపుకుంది. తర్వాత తోడక్క వైపు చూసింది. సామెత ఇద్దరికీ నాలుక చివరే ఉంది.

"నర్సులేమంటున్నారు?" అంది తోడక్క.

"ఇవాళ తొమ్మిది. నిన్న పదమూడు."

"తగ్గుతున్నాయి."

"తగ్గుతున్నాయంటున్నారు అక్కా. మళ్లీ పెరగొచ్చని కూడా అంటున్నారు." పిల్లి కాగితం సరిచేసి కట్టింది. "నువ్వు నాకు ఊరికే ధైర్యం చెప్పకు. ఉన్నది చెప్పు."

పంతొమ్మిదో రోజున ఇంటికి పంపారు. నెలకోసారి తీసుకొచ్చి చూపించమన్నారు, రెండేళ్ల దాకా.

ఈ మధ్యలోనే ఒక ఉదయం తోడక్క పది నిమిషాలూ అయ్యేదాకా మాట్లాడకుండా కూర్చుంది. నర్సమ్మ టార్చి ఆర్పాక, ఎనిమిది నోళ్లూ తెరుచుకున్నాక, అప్పుడు మొదలుపెట్టింది. తన నాలుగు రోజుల సంగతీ చెప్పింది. తాళం ఎవరు వేశారన్నది తప్ప. వాళ్లు అడిగారు, అడ్డం తగిలారు, ఒకరిద్దరు తిట్టారు. రెండో కుర్చీ పెద్దావిడ, "ముందే చెప్పి చావొచ్చుగా" అంది. పదకొండున్నర దాకా గది ఖాళీ కాలేదు. ఎక్స్‌రే ఆయన జోకు మర్చిపోయి వెళ్లిపోయాడు.

గోడ మీది రాత తీయించమని సూపర్‌వైజరును అడిగింది. "స్ఫూర్తిదాయకంగా ఉంది కదమ్మా, పై అధికారులు ఫోటో కూడా తీసుకున్నారు" అన్నాడు. శనివారం ఆమె ఒక డబ్బా తెల్లరంగు, ఒక బ్రష్షు తెచ్చుకుని, పువ్వుతో సహా కొట్టేసింది. నీలం పూర్తిగా చావలేదు. ఎండ పడ్డప్పుడు తెలుపు అడుగున 'మింగాయి' అన్న అక్షరాలు లీలగా తేలతాయి.

అనుమతి లేకుండా ఆస్తికి నష్టం కలిగించినందుకు ఆఫీసువాళ్లు ఆమె జీతంలోంచి తొమ్మిది వందలు, నెలకు మూడు వందల చొప్పున, పట్టుకుంటామని కాగితం ఇచ్చారు. రెండు నెలలు పట్టుకున్నారు. ఇంకా మూడు వందలు బాకీ ఉంది.